నష్టానికి కారణం

ఆ వీధిలో ఆమెను అందరూ డాక్టరమ్మ అనే పిలుస్తారు. నాడి పట్టడం రాదు, ఇంజెక్షన్ వెయ్యడం అసలే రాదు. చెదలు తిన్న దస్తావేజులూ, వానకు తడిసిన పటాలూ, మడతల దగ్గర విరిగిన పాత ఉత్తరాలూ బాగుచెయ్యడం ఆమె పని. ఆ పేరు పెట్టింది కింద షాపులో పటాలకు ఫ్రేములు కట్టే బాబాయి. "పైన కాగితాలకి ఆపరేషన్లు చేస్తారు, వెళ్లండి" అని వచ్చినవాళ్లకు మెట్లు చూపించేవాడు. ఇరవై ఆరేళ్లలో ఆ ఎగతాళి కాస్తా పేరై కూర్చుంది.

సోమవారం పొద్దున ఇద్దరు వచ్చారు. ముందు నలభై దాటిన మనిషి, చంకలో దుప్పటి చుట్టిన పటంతో. వెనక అతని మేనత్త, మెట్టుకొకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటూ. ఆవిడకు ఎనభై దగ్గర పడినట్టున్నాయి. అతను బస్సు డిపోలో పని చేస్తాడట. ఏం చెప్పాలన్నా ముందు గొంతు సవరించుకుంటాడు.

"ఇది మా నాయనమ్మ బొమ్మ మేడమ్," అని దుప్పటి విప్పాడు. "మా మేడ మీద గదిలో అద్దెకున్నాయన వేసి, ఖాళీ చేసి వెళ్తూ ఇచ్చిపోయాడంట. అప్పట్లో ఆయనెవరో ఎవరికీ తెలీదు. ఇప్పుడేమో ఆయన బొమ్మలన్నీ కలిపి గ్యాలరీలో పెడుతున్నారని పేపర్లో చదివాను. సంతకం చూస్తే అదే."

డాక్టరమ్మ పటాన్ని బల్ల మీద పడుకోబెట్టి, అద్దంలోంచి వంగి చూసింది. బల్ల చివర కూర్చున్న ఒక స్త్రీ. భుజాల మీద శాలువా, ఒళ్లో గుండీలు ఊడిన చొక్కా. ఎడమచేతిలో సూది ఎత్తి పట్టుకుని, కుడిచేత్తో దారం కొసను దానికి ఎదురుగా తెచ్చింది. కనుబొమలు ముడిపడి, పెదవులు కొద్దిగా బిగుసుకుని ఉన్నాయి. సిరాతో గీసిన గీతలు తొణక్కుండా నిలిచాయి. ముక్కు ఒక్క గీతతో తేల్చేశాడు, చేతివేళ్ల దగ్గర మాత్రం తీరిగ్గా ఆగి ఒక్కో కణుపూ గీశాడు. నీటిరంగులే పోయాయి. శాలువా పాత టీ మరకలా మిగిలింది. ముఖంలో రక్తం లేదు.

"ఆవిడ ఫొటో ఏమైనా ఉందా? పోల్చుకోడానికి."

"ఎక్కడిది? మా నాన్నకి రెండేళ్లప్పుడు పోయింది. మా అత్తకి తొమ్మిదేళ్లు. ఇదొక్కటే."

పెద్దావిడ అప్పటికి స్టూలు మీద కుదురుకుంది. డాక్టరమ్మ తన ఫారం తీసింది. కాగితం ఏమిటి, సిరా ఏమిటి, చిరుగులెన్ని, మరకలెన్ని, ఆఖరి గడి నష్టానికి కారణం. ఈ గడి అంటే ఆమెకు ప్రాణం. మిగతావాళ్లు ఇక్కడ 'కాలక్రమేణా' అని రాసి చేతులు దులుపుకుంటారు. ఆమె అలా కాదు, పైకప్పు కారితే కారిందని, ఎలుక కొరికితే కొరికిందని, మనిషి తప్పయితే మనిషి తప్పని రాస్తుంది. కారణం దగ్గర నీళ్లు నమలడం ఆమెకు చేతకాదు.

"ఎక్కడ తగిలించారు?"

"మా అత్త కుట్టుమిషను గదిలో. కిటికీ పక్కనే. సాయంత్రం నాలుగైందంటే ఎండ నేరుగా కొడుతుంది."

"ఎన్నేళ్లుగా?"

"నాకు తెలిసినప్పట్నించీ అక్కడే, అరవై ఏళ్ల పైమాటే," అన్నాడు. పెద్దావిడ ఏదో చెప్పబోయింది. అతను గొంతు సవరించుకుని, "ఫ్రేము మాత్రం ఒకసారి మార్చాం మేడమ్, చెక్క పుచ్చిపోతే," అని అందుకున్నాడు. ఆవిడ నోరు మూసుకుంది. డాక్టరమ్మ తల ఎత్తకుండా రాసుకుపోయింది.

వెళ్లేముందు పెద్దావిడ మెల్లగా అడిగింది. "మళ్లీ ఎప్పుడిస్తావమ్మాయ్?"

"గురువారానికి అయిపోతుంది పెద్దమ్మా."

"మూడు రోజులు," అని వేళ్లు ముడిచి చూసుకుంది. "గోడ బోసిగా ఉంటుంది. పోనీలే, మూడు రోజులేగా."

మంగళవారం డాక్టరమ్మ కిటికీ తెరలన్నీ దించేసి, బల్లదీపం ఒక్కటే వేసుకుని ఫ్రేము విప్పింది. వెనక అంటించిన గోధుమరంగు టేపు ఎండి, గోరు తగిలితే పొడిపొడిగా రాలింది. తుప్పు మేకులు ఒక్కొక్కటే పట్టకారుతో లాగి గిన్నెలో వేసింది. వెనక అట్ట తీసింది. బొమ్మ చుట్టూ కిటికీలా కోసి పెట్టిన మౌంటు అట్ట కాగితానికి నాలుగు మూలలా జిగురుతో పట్టుకుపోయి ఉంది. తడిపిన దూదిని జిగురు మీద ఆనించి, అది నానేదాకా ఓపిగ్గా కూర్చుని, సన్నటి కత్తిని కాగితానికీ అట్టకూ మధ్య పడుకోబెట్టి జరిపింది. ఊపిరి కూడా పక్కకు తిరిగి వదిలింది. ఒక్కో మూలకీ ముప్పావుగంట పట్టింది.

అట్ట లేచిపోగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

అట్ట కింద దాగిన అంచు, వేలెడు వెడల్పున, రంగు రంగుగా ఉంది. శాలువా కొంగు ఒకటి ఆ అంచులోకి వచ్చింది. ఎరుపు. టీ మరకా కాదు, గులాబీ కూడా కాదు. పండిన మిరపకాయ ఎరుపు. గీత గీసినట్టు ఎరుపు అక్కడ ఆగిపోయి, దాని పక్కనుంచే వెలిసిన శాలువా మొదలైంది.

ఉండబట్టలేక కిందికి కేకేసింది. బాబాయి చేతుల రంపంపొట్టు దులుపుకుంటూ వచ్చి, కళ్లజోడు నుదుటి మీదినుంచి దించుకున్నాడు.

"అమ్మ బాబోయ్. ఇంత ఎరుపా ఇది?"

"ఇదే అసలు రంగు బాబాయ్. మిగతాదంతా ఎండ తాగేసింది."

"ఎవరో మహానుభావులు. తడిబట్ట ఆరేసినట్టు ఆరేశారు దీన్ని," అన్నాడు బాబాయి. డాక్టరమ్మ పకపకా నవ్వింది. తర్వాత ఆ నవ్వు తలచుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు కంపరమెత్తింది గాని, ఆ పూట మాత్రం హాయిగానే నవ్వింది.

సాయంత్రం దాకా పని జరిగింది. సిరా గీత చివర ఒక్క నీటిబొట్టు పెట్టి, బ్లాటింగ్ పేపర్ అద్ది చూసింది. మరక దిగలేదు, సిరా గట్టిది. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపింది. రబ్బరు పొడి చల్లి, వేళ్లకొసలతో గుండ్రంగా తిప్పుతూ మసి ఎత్తింది. కుడివైపు చిరుగుకి వెనకనుంచి ఉల్లిపొరంత కాగితం, గోధుమపిండి జిగురుతో అతికించి బరువు పెట్టింది. పోయిన రంగుని మాత్రం ఎవరూ తేలేరు. మళ్లీ పూస్తే అది బాగుచెయ్యడం కాదు, దొంగతనం. ఇంకా పోకుండా ఆపడం ఒక్కటే చేతిలో ఉన్న పని.

బుధవారం వాల్యుయర్ వచ్చాడు. బొమ్మలకు వెల కట్టడంలో ముప్పై ఏళ్లుగా తలపండిన మనిషి. గ్యాలరీ తరఫున వచ్చాడు. మేనల్లుడు డిపోకి సెలవు పెట్టి ముందే వచ్చాడు. వాల్యుయర్ భూతద్దంతో సంతకం చూశాడు, కాగితాన్ని దీపానికి ఎదురుగా ఎత్తి నీటిముద్ర చూశాడు, వేళ్ల దగ్గరి గీతల మీద చాలాసేపు ఆగాడు.

"ఆయనదే. సందేహం లేదు. ఆ రోజుల్లో వేసినవి నాలుగో అయిదో మిగిలాయి, అంతే," అని ఒక అంకె చెప్పాడు. మేనల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. నిలబడ్డవాడు వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇది వెలిసిపోయిన బొమ్మకి," అన్నాడు వాల్యుయర్, అంచు ఎరుపు మీద భూతద్దం పెట్టి. "ఈ రంగు ఉండుంటేనా, దీనికి మూడింతలు. పాపం, ఎవరు పెట్టారో అక్కడ."

మేనల్లుడు గొంతు సవరించుకుని, భూతద్దం కింది ఎరుపు వైపు చూశాడు.

"గ్యాలరీవాళ్లు కొంటారు. ప్రదర్శనకి టైం లేదు కాబట్టి ఈ సాయంత్రానికి మీ రిపోర్టు పంపేస్తే బాగుంటుంది. కారణం గడిలో కాస్త స్పష్టంగా రాయండి, మీకు నేను చెప్పాలా."

చెప్పక్కర్లేదు. అతను వెళ్లాక ఆమె టైపు చేసింది. "సొంతదారు అజాగ్రత్త. అరవై ఏళ్లకు పైగా నేరుగా ఎండ పడే గోడకు, కిటికీ పక్కన తగిలించి ఉంచడం. ఇకమీదట నివాసగృహంలో ఉంచదగదు; చీకటిలో భద్రపరచాలి." ఒకసారి చదువుకుంది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. సంతకం పెట్టి ఒక కాపీ గ్యాలరీకి, ఒక కాపీ మేనల్లుడికి పంపింది. ఆ రాత్రి ఆమెకు కమ్మగా నిద్ర పట్టింది.

గురువారం మధ్యాహ్నం పెద్దావిడ ఒక్కతే వచ్చింది. కింద బాబాయి చెయ్యి పట్టుకుని పైదాకా తెచ్చి వదిలాడు. ఆవిడ చేతిసంచీలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేసింది. రిపోర్టు. కారణం గడి కింద వేలు పెట్టింది.

"ఇది నా గురించేనా అమ్మాయ్?"

సొంతదారు అని రాసేటప్పుడు ఆమెకు కళ్లముందు ఏ మనిషీ లేదు. ఫారంలో ఆ గడి ఉంది, ఆ మాట ఉంది, అంతే.

"మావాడు అన్నం దగ్గర చదివాడు. నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకుని మళ్లీ నేనే చదువుకున్నా. అజాగ్రత్త అంటే పట్టించుకోకపోవడమేగా?"

"అది... మా రాతల్లో అలా రాస్తాం పెద్దమ్మా. మిమ్మల్ని అని కాదు."

"మరెవరిని? మేకు కొట్టింది నేనే."

ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామని అడుగుతున్నట్టే ఉంది. డాక్టరమ్మకు అదే ఎక్కువ కష్టమైంది. తిట్టినా బాగుండుననిపించింది.

"ముందు మా నాన్న దీన్ని నడవాలో తగిలించాడు. అక్కడ పట్టపగలే చీకటి. నాకు పదేళ్లు. అమ్మ సూదిలో దారం ఎక్కించుకుంటోంది కదా, ఆ చీకట్లో ఎట్లా కనపడుద్ది అని ఏడ్చా. నాన్న వినలా. ఆయన పనికి పోయాక స్టూలెక్కి కిటికీ పక్కన నేనే మేకు కొట్టా. ఈ వేలు నలిగింది. నాన్న వచ్చి చూశాడు, ఏమీ అనలేదు." ఆవిడ ఆ వేలు చూసుకుంది. "సాయంత్రమయ్యేసరికి ఎండ వచ్చి సూది మీద పడేది. హమ్మయ్య, ఇప్పుడు కనపడుతుందిలే అనుకునేదాన్ని. పెద్దయ్యాక కాగితమని తెలీదా? తెలుసు. అయినా చెయ్యి రాలేదు మార్చడానికి. నేనూ అక్కడే మిషను వేసుకున్నా. ఇద్దరం ఆ వెలుగులోనే కుట్టుకునేవాళ్లం."

బొమ్మను భద్రపరిచిన అట్టపెట్టె బల్ల మీద మూత వేసి ఉంది. డాక్టరమ్మ దాని వైపు చూడలేకపోయింది. సోమవారం ఈవిడ నోరు తెరిచింది. ఒక్క నిమిషం తల ఎత్తి, చెప్పండి పెద్దమ్మా అంటే సరిపోయేది.

"శాలువా ఎర్రగా ఉండేదంటగా," అంది పెద్దావిడ. "అదే నాకు గుర్తు లేదు. ఎప్పటికప్పుడు చూస్తున్నా కదా, ఎప్పుడు పోయిందో తెలీలేదు. నేనేనా పాడుచేసింది? ఉన్నమాట చెప్పు. నువ్వు అబద్ధం రాయవంట, కింద ఆయన చెప్పాడు."

ఇరవై ఆరేళ్ల పేరు అలా ఎదురుగా వచ్చి నిలబడింది. కాదు అంటే అబద్ధం. అవును అనడానికి నాలుక తిరగలేదు.

"ఎండకి వెలిసింది పెద్దమ్మా. ఎండ పని అది."

"ఎండ మేకు కొట్టదుగా," అంది ఆవిడ, నెమ్మదిగా కాగితం మడిచి సంచీలో పెట్టుకుంటూ.

ఆవిడ మెట్లు దిగాక డాక్టరమ్మ వాల్యుయర్‌కి ఫోన్ చేసింది. రిపోర్టులో ఒక మాట మార్చాలంది. అజాగ్రత్త తీసేస్తానంది, తక్కువ వెలుతురులో ఇంట్లో ఉంచుకోవచ్చని రాస్తానంది.

"ఏవండీ, మీరేనా మాట్లాడుతోంది?" అన్నాడతను. "సంతకం పెట్టి పంపిన రిపోర్టు మర్నాడు మార్చితే బొమ్మ మీదే అనుమానం వస్తుంది. ఇంతకీ మీరు రాసింది తప్పా?"

"తప్పు కాదు."

"మరింకేం?"

నిజమే, ఇంకేమీ లేదు. ఆమె మేనల్లుడికి చేసింది. వెనకనుంచి బస్సుల హారన్లు వినబడుతున్నాయి. అతను అంతా విని గొంతు సవరించుకున్నాడు.

"నేను బలవంతం చెయ్యలేదు మేడమ్. ఒట్టు. అంకె వినగానే నాకు ఆశ పుట్టింది, కాదనను. కానీ అత్త ఇవ్వనంటే ఇవ్వనని కూర్చుంది. నా ప్రాణం పోయాక ఏమైనా చేసుకోండి అంది. నేనూ సరేలే, ఉండనీ అనుకున్నా. మీ కాగితం చదివాక మనిషి చల్లబడిపోయింది. తనే పెన్ను అడిగి, వాల్యుయర్ ఇచ్చిన అమ్మకం కాగితం మీద సంతకం పెట్టింది. నా దగ్గరుంటే ఉన్నది కూడా పోగొడతాను, తీసుకుపొమ్మను అంది. కాపీ తీయించి పెడతానన్నా, వద్దంది."

డాక్టరమ్మ ఫోన్ పెట్టేసింది. బాబాయి టీ పట్టుకొచ్చి, విషయం విని, పక్క స్టూలు మీద కూలబడ్డాడు.

"నిప్పులాంటి మాట రాశావని మెచ్చుకునేవాణ్ణి నిన్ను," అన్నాడు. "నిప్పుకేం తెలుసమ్మా, ఎవరిని కాలుస్తుందో." తన మాట తనకే నచ్చలేదేమో, "టీ తాగు, చల్లారిపోతుంది," అని లేచి వెళ్లిపోయాడు. ఆమె తాగలేదు.

శుక్రవారం పదకొండుకు గ్యాలరీ వ్యాను వస్తుంది. పది కాకముందే మేనల్లుడు అత్తను తీసుకొచ్చాడు. ఆఖరిసారి చూసుకుంటుందని చెప్పి, తను కింద బాబాయి దగ్గర ఉండిపోయాడు. పెద్దావిడ ఉతికిన బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. ఆస్పత్రికి మనిషిని చూడ్డానికి వెళ్లేవాళ్లలా ఉంది.

డాక్టరమ్మ పెట్టె తెరిచింది. కొత్త తెల్లటి అట్ట మధ్య బొమ్మ శుభ్రంగా, చదునుగా ఉంది. చిరుగు జాడ కూడా తెలీడం లేదు. దీపం కాంతి పల్చగా ఉంది. పెద్దావిడ కళ్లు చికిలించి, పెట్టె మీదికి వంగి, కనబడక తల అటూ ఇటూ జరిపింది.

డాక్టరమ్మకు ఏమైందో, ఒక్క ఊపున వెళ్లి కిటికీ తెర పైకి లాగేసింది. రెండో తెర కూడా లాగింది. ఈ గదిలో ఎంతమంది చేతులమీద కొట్టి ఉంటుందో, పని బల్ల మీద కాగితముండగా తెర ఎత్తినందుకు. పొద్దుటి వెలుగు గదంతా పరుచుకుంది. ఆమె బొమ్మను అట్టతో సహా రెండు చేతులా ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

"ఇలా రండి పెద్దమ్మా. ఇక్కడ చూడండి, బాగా కనపడుతుంది."

"అయ్యో, అయ్యో," అంటూ పెద్దావిడ లేచింది. అంత వేగంగా లేవగలదని డాక్టరమ్మ అనుకోలేదు. బల్ల పట్టుకుని, కుర్చీ పట్టుకుని వచ్చి కిటికీకి తన వీపు అడ్డం పెట్టింది. నీడ బొమ్మ మీద పడింది.

"ఎండలో పెడతావేంటమ్మా. లోపల పెట్టెయ్."

"ఒక్క గంటకి ఏం కాదు పెద్దమ్మా. మీరు చూసుకోండి. నేను చెప్తున్నాగా, ఏం కాదు."

"నేనూ అట్లాగే అనుకున్నా," అంది పెద్దావిడ.

"ఆ మాట నేను రాయకుండా ఉండాల్సింది. అజాగ్రత్త కాదు అది. నాదే తప్పు, నన్ను క్షమించండి." డాక్టరమ్మ బొమ్మను ఆవిడ వైపు చాపింది. "మీరు వద్దనండి. సంతకం వెనక్కి తీసుకుంటానని ఒక్కమాట అనండి, వ్యాను వాళ్లని నేను పంపించేస్తాను. మీ గోడకి మీరు పెట్టుకోండి. ఆ కిటికీ పక్కనే."

పెద్దావిడ ఆమెను జాలిగా చూసింది. చదువుకున్న పిల్ల ఏదో తెలియక మాట్లాడుతుంటే చూసినట్టు.

"తెలీనప్పుడు చేశాను. తెలిశాక ఎట్లా చెయ్యనమ్మా? నువ్వు మంచిపనే చేశావు. నువ్వు రాయకపోతే నేను పోయేలోగా అమ్మ ముఖం కూడా పోయుండేది. ఆ తెర దించు ముందు."

డాక్టరమ్మ కదల్లేదు. చేతుల్లో బొమ్మ ఉంది, దాన్ని ఎటు తీసుకెళ్లాలో ఆమెకు తెలియలేదు. పెద్దావిడ బొమ్మను తనే అందుకుంది. ముఖం మీద ఒక్కసారి చూపు నిలిపి, అంతలోనే తప్పు చేసినట్టు తిప్పుకుంది. పెట్టెలో పడుకోబెట్టి, పైన పల్చటి కాగితం కప్పి, మూత వేసి, పక్కన వేలాడుతున్న నాడాలు వెతికి ముడి వేసింది. జీవితమంతా కుట్టుపని చేసిన చేతులు, ముడి గట్టిగా పడింది.

కింద వ్యాను ఆగిన చప్పుడు వినిపించింది. ఎవరో బాబాయిని దారి అడుగుతున్నారు. పెద్దావిడ స్టూలు లాక్కుని, పెట్టెకీ కిటికీకీ మధ్య కూర్చుంది. మూత వేసి ఉన్నా సరే, తెర దించేదాకా అక్కణ్ణించి లేవనంది.